రిపోర్టులో ‘నాన్ స్మాల్ సెల్’ అని వచ్చింది, ఇంకా పరీక్షలు ఎందుకు?

ముందుగా మీరు అడిగినదాన్ని కుదించి చెబుతాను. మీ అమ్మగారికి 56 ఏళ్లు, పొగ అలవాటు లేదు. కొన్ని నెలలుగా దగ్గు, ఆయాసం. మొదట టీబీ అనుకుని మందులు వాడారు, తగ్గలేదు. సీటీ స్కాన్‌లో కుడి ఊపిరితిత్తిలో గడ్డ, దాని చుట్టూ నీరు కనిపించాయి. సూదితో ముక్క తీసి పరీక్షిస్తే ‘నాన్ స్మాల్ సెల్ కార్సినోమా, ఫేవర్ అడినోకార్సినోమా, టీటీఎఫ్-1 పాజిటివ్, పీ40 నెగెటివ్’ అని రాశారు. డాక్టరు జన్యు పరీక్షలకు పంపి రెండు మూడు వారాలు ఆగమన్నారు. బంధువులేమో వెంటనే కీమో మొదలుపెట్టించమంటున్నారు. ఇంతకీ ఇది ఏ రకం, రిపోర్టు అసంపూర్ణమా, ఆగవచ్చా, మళ్లీ ముక్క తీస్తే జబ్బు పాకుతుందా అన్నవి మీ సందేహాలు.

సూటిగా చెబుతాను. ఆ రిపోర్టు ప్రకారం ఇది అడినోకార్సినోమా. రిపోర్టులో లోపం లేదు, చిన్న ముక్క మీద అంతవరకే నిజాయతీగా రాయగలరు. అమ్మగారు నిలకడగా ఉంటే జన్యు పరీక్షల ఫలితం వచ్చేదాకా ఆగవచ్చు, ఆగడమే మంచిది. ఆయాసం రోజురోజుకూ పెరుగుతున్నా, మెదడుకు పాకిన లక్షణాలు ఉన్నా లెక్క వేరు. దాని గురించి కింద రాశాను. మళ్లీ ముక్క తీయాల్సి వస్తే భయపడకండి.

నేను పాథాలజిస్టును. రోగులతో మాట్లాడే అవకాశం నాకు తక్కువ. వారి ఊపిరితిత్తుల నుంచి వచ్చిన ముక్కలను మాత్రం రోజూ మైక్రోస్కోపు కింద చూస్తాను. అందుకే ఆ బల్ల దగ్గర ఏం జరుగుతుందో మీకు వివరంగా చెప్పాలనిపించింది. రోగి బంధువులకు చాలా ఆలస్యంగా తెలిసేది, చాలాసార్లు అసలు తెలియనిది ఆ భాగమే.

ఊపిరితిత్తుల క్యాన్సర్లను చాలాకాలం రెండే రెండుగా చూసేవారు, స్మాల్ సెల్, అది కానివి. స్మాల్ సెల్ సుమారు 15 శాతం, మిగిలిన 85 శాతం నాన్ స్మాల్ సెల్. ఆ రోజుల్లో అంతకుమించి చెప్పాల్సిన అవసరం పెద్దగా ఉండేది కాదు. స్మాల్ సెల్ అయితే కీమో, రేడియేషన్. కాకపోతే, గడ్డ ఒకచోటే ఉంటే ఆపరేషన్, పాకితే అందరికీ దాదాపు ఒకే రకం కీమో. కానీ నాన్ స్మాల్ సెల్ అన్నది ఒక రకం కాదు, ఒకే ఇంటిపేరున్న వేర్వేరు కుటుంబాల లాంటిది. అందులో ప్రధానమైనవి రెండు. గ్రంథి కణాల తీరున పెరిగేది అడినోకార్సినోమా, పొలుసు కణాల తీరున పెరిగేది స్క్వామస్ సెల్ కార్సినోమా. లార్జ్ సెల్ కార్సినోమా, అడినోస్క్వామస్, సార్కొమటాయిడ్ వంటివి తక్కువ.

ఈ విభజన పట్టింపు గత ఇరవై ఏళ్లలో వచ్చింది. కారణం మందులు. పెమెట్రెక్సెడ్ అనే కీమో మందు అడినోకార్సినోమాలో బాగా పనిచేస్తుంది, స్క్వామస్‌లో ఉపయోగం లేదని 2008 ప్రాంతంలో తేలింది. గడ్డకు కొత్త రక్తనాళాలు పెరగకుండా ఆపే బెవాసిజుమాబ్ మందు ఇస్తే స్క్వామస్ రోగుల్లో కొందరికి ప్రాణాంతకమైన రక్తస్రావం అయింది. అప్పటినుంచి ‘నాన్ స్మాల్ సెల్’ అని మాత్రమే రాసి సంతకం పెట్టడం ఒప్పుకోదగిన పని కాకుండా పోయింది. 2011లో ఊపిరితిత్తుల నిపుణుల అంతర్జాతీయ సంఘాలు, 2015లో, 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలు ఇదే మాట స్పష్టం చేశాయి. చిన్న ముక్క అయినా సరే వీలైనంతవరకు అడినోనా, స్క్వామస్సా తేల్చాలి, అదీ తక్కువ రంగు పరీక్షలతో.

ఇక మీ రిపోర్టులోని ‘ఫేవర్’ అన్న మాట. సూదితో తీసిన ముక్క దారపు పోగంత సన్నగా ఉంటుంది. అందులో గ్రంథుల ఆకారం కంటికి స్పష్టంగా కనిపిస్తే నేరుగా అడినోకార్సినోమా అని రాస్తాం. కణాలు గుంపులుగా ఉండి ఏ ఆకారమూ లేకపోతే రంగు పరీక్షల సాయం తీసుకుంటాం. దీన్నే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అంటారు. కణంలోని ఒక ప్రొటీన్‌ను గుర్తుపట్టే యాంటీబాడీ వేస్తే ఆ కణం గోధుమ రంగుకు తిరుగుతుంది. టీటీఎఫ్-1 గానీ నాప్సిన్-ఎ గానీ పట్టుకుంటే అడినో వైపు, పీ40 బలంగా పట్టుకుంటే స్క్వామస్ వైపు. కంటికి ఆకారం కనిపించకపోయినా రంగు స్పష్టంగా చెప్పినప్పుడు ‘ఫేవర్’ అని రాయమని వర్గీకరణ నియమమే చెబుతోంది. డాక్టరుకు ఖాయంగా తెలియలేదు అని దానర్థం కాదు. చికిత్స విషయంలో దాన్ని అడినోకార్సినోమాగానే చూస్తారు.

అయితే టీటీఎఫ్-1ను గుడ్డిగా నమ్మకూడదు. ఊపిరితిత్తుల అడినోకార్సినోమాల్లో నాలుగింట మూడు వంతులకు పైగా అది పాజిటివ్‌గా ఉంటుంది. నెగెటివ్ వచ్చినంత మాత్రాన అడినో కాదనలేం. థైరాయిడ్ క్యాన్సర్ కూడా అదే రంగు పట్టుకుంటుంది. స్మాల్ సెల్ కూడా పట్టుకుంటుంది. కాబట్టి రంగును ఎప్పుడూ కణాల రూపంతో, సీటీతో, రోగి చరిత్రతో కలిపి చదవాలి. ఒకసారి నా దగ్గరకు ‘ఊపిరితిత్తిలో గడ్డ’ అని మాత్రమే రాసిన కాగితంతో ఒక మహిళ ముక్క వచ్చింది. టీటీఎఫ్-1 నెగెటివ్. ఫోను చేసి అడిగితే, చాలా ఏళ్ల కిందట రొమ్ము ఆపరేషన్ జరిగిందని ఆమె కుమారుడు చెప్పాడు. రొమ్ము కణాలను గుర్తుపట్టడానికి వాడే గాటా-3, హార్మోన్ రిసెప్టార్ల రంగు పరీక్షలు వేస్తే అది ఊపిరితిత్తిలో పుట్టిన క్యాన్సరే కాదు, పాత రొమ్ము క్యాన్సర్ తిరిగి వచ్చింది. చికిత్స మొత్తం మారిపోయింది. అమ్మగారికి గతంలో ఏ ఆపరేషన్ జరిగినా, ఎంత పాతదైనా, దాని కాగితాలు డాక్టరుకు చూపించండి.

ఇప్పుడు జన్యు పరీక్షల సంగతికి వస్తాను. మీరు ఆగాల్సింది వీటికోసమే.

అడినోకార్సినోమాల్లో కొన్నింటిని ఒక్క జన్యువులోని మార్పే నడిపిస్తుంది. ఇజీఎఫ్ఆర్ అనే జన్యువులో ఇలాంటి మార్పులు ఉన్నవారికి గెఫిటినిబ్ మాత్ర అద్భుతంగా పనిచేస్తుందని 2004లో బయటపడింది. ఏఎల్‌కే జన్యువు మరో జన్యువుతో అతుక్కుపోయే రకాన్ని 2007లో జపాన్ పరిశోధకులు కనుగొన్నారు. ఆ తర్వాత రాస్-1, బీరాఫ్, మెట్, రెట్, హెర్-2, కేరాస్ ఇలా జాబితా పెరుగుతూ వచ్చింది. మన దేశంలో అడినోకార్సినోమా రోగుల్లో సుమారు నాలుగో వంతు మందిలో ఇజీఎఫ్ఆర్ మార్పు దొరుకుతుంది. పొగ తాగని మహిళల్లో ఆ అవకాశం ఇంకా ఎక్కువ. ఏఎల్‌కే కొద్ది శాతం మందిలోనే ఉంటుంది, వయసు తక్కువున్నవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. ఈ మార్పు దొరికితే చాలామందికి కీమో బదులు మాత్రలతోనే మొదలుపెట్టవచ్చు, ఇంట్లో ఉండే వేసుకోవచ్చు.

‘పొగ తాగని ఆడమనిషి కదా, పరీక్ష ఎందుకు, మాత్రే మొదలుపెడదాం’ అని సలహా ఇచ్చేవారూ ఉంటారు. దీనికి 2009లో వెలువడిన ఐపాస్ అధ్యయనం తిరుగులేని సమాధానం ఇచ్చింది. అందులో తీసుకున్నవారంతా ఆసియా వారే, అడినోకార్సినోమా ఉన్నవారే, దాదాపు అందరూ పొగ తాగనివారే. అంటే పైకి చూస్తే అందరూ మాత్రకు తగినవారే. ఇజీఎఫ్ఆర్ మార్పు ఉన్నవారిలో గెఫిటినిబ్ కీమో కంటే జబ్బును ఎక్కువకాలం అదుపులో ఉంచింది. మార్పు లేనివారిలో అదే మాత్ర కీమో కంటే చాలా ఘోరంగా పనిచేసింది. రోగిని చూసి ఊహించి మాత్ర ఇవ్వడం తప్పు. ముక్కను పరీక్షించే ఇవ్వాలి.

ఆగమనడానికి ఇంకో బలమైన కారణం ఉంది. క్యాన్సర్ కణాల్లో ఎన్నింటి మీద ఆ పేరున్న ప్రొటీన్ ఉందో చూసే పీడీ-ఎల్1 అనే పరీక్ష త్వరగా వచ్చేస్తుంది. అందులో 50 శాతం పైన అని చూడగానే ఇమ్యునోథెరపీ, అంటే ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకు మళ్లించే చికిత్స, మొదలుపెట్టాలన్న ఆత్రుత సహజం. కానీ ఇజీఎఫ్ఆర్ మార్పు ఉన్న క్యాన్సర్లలో, పీడీ-ఎల్1 ఎక్కువగా ఉన్నా, ఇమ్యునోథెరపీ పెద్దగా పనిచేయదు. పైగా అది ఇచ్చాక కొద్ది వారాల్లోనే ఇజీఎఫ్ఆర్ మీద పనిచేసే ఒసిమెర్టినిబ్ మాత్రకు మారితే ఊపిరితిత్తులు తీవ్రంగా వాచే ప్రమాదం పెరుగుతుంది. తొందరపడి ఇచ్చిన మందు తర్వాతి మంచి మందుకు అడ్డం పడటం అంటే ఇదే. రోగి ఇబ్బందిలో ఉండి ఆగలేని పరిస్థితి అయితే, ఇమ్యునోథెరపీ లేకుండా ఒక విడత కీమో ఇచ్చి, ఈలోగా జన్యు ఫలితం తెప్పించుకోవడం ఒప్పుకోదగిన మార్గం. మీ డాక్టరును ఈ మాటే అడగండి.

ఫలితం వచ్చినప్పుడు ‘ఇజీఎఫ్ఆర్ పాజిటివ్’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టుకోకండి. ఏ ఎక్సాన్‌లో, అంటే జన్యువులోని ఏ భాగంలో, ఏ మార్పో రాసి ఉండాలి. ఎక్సాన్ 19 డిలీషన్, ఎక్సాన్ 21లో ఎల్858ఆర్ అన్నవి సాధారణమైనవి, మాత్రలకు లొంగేవి. ఎక్సాన్ 20 ఇన్‌సర్షన్ అనేది పేరుకు అదే జన్యువు అయినా మామూలు మాత్రలకు చాలావరకు లొంగదు, దాని మందులు వేరు.

ఇక ఈ పరీక్షలన్నింటికీ కావాల్సింది కణజాలం. నా పనిలో నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం ఇదే. ముక్కను మైనంలో పోసి బ్లాకుగా చేస్తాం. దాన్ని పొరలు పొరలుగా కోసి ఒక్కో పరీక్షకు వాడతాం. పది పన్నెండు రంగులు అనవసరంగా వేస్తే జన్యు పరీక్షకు ఏమీ మిగలదు. అడినోనా స్క్వామస్సా తేల్చడానికి చాలాసార్లు టీటీఎఫ్-1, పీ40 రెండే చాలు. మీ రిపోర్టులో ఆ రెండే ఉన్నాయి. ఆ పాథాలజిస్టు మిగతా ముక్కను మీ అమ్మగారి కోసం దాచిపెట్టారన్నమాట. ఒక యువకుడి విషయంలో దీనికి పూర్తిగా వ్యతిరేకంగా జరిగింది. వేరేచోట వేసిన రంగుల జాబితా పేజీ నిండా ఉంది. బ్లాకు నా దగ్గరకు వచ్చేసరికి మైనం తప్ప ఏమీ లేదు. అతనికి మళ్లీ ముక్క తీయాల్సి వచ్చింది. అందులో ఏఎల్‌కే పాజిటివ్ వచ్చింది. రెండోసారి తీయడానికి కుటుంబం ఒప్పుకోకపోయి ఉంటే ఆ మాత్ర అతనికి అందేదే కాదు.

ముక్క ఎంత ఉందన్నదే కాదు, ఎలా చేరిందన్నదీ ముఖ్యం. తీసిన వెంటనే సరైన ఫార్మలిన్‌లో వేయాలి, అందులో ఆరు గంటలకు తగ్గకుండా, రెండు మూడు రోజులకు మించకుండా ఉండాలి. మన దగ్గర టీబీ అనుమానం కూడా ఉంటుంది కాబట్టి రెండు సీసాలు కావాలి. క్యాన్సర్ పరీక్షకు ఫార్మలిన్‌లో, టీబీ పరీక్షకు సెలైన్‌లో. ఫార్మలిన్ పడితే టీబీ కల్చర్ పనికిరాదు. సెలైన్‌లో ఊరికే వదిలేసిన ముక్క కుళ్లిపోయి మాకు పనికిరాదు. ఎముక నుంచి తీసిన ముక్కను యాసిడ్‌తో మెత్తబరిస్తే డీఎన్‌ఏ దెబ్బతింటుంది. కాబట్టి ఎముక తప్ప వేరే చోటు ఉంటే అక్కడినుంచే తీయమని మేం కోరతాం.

అమ్మగారికి నీరు కూడా ఉందన్నారు. ఆ నీరు తీస్తే పారేయనివ్వకండి. దాన్ని తిప్పి అడుగున దిగిన కణాలతో సెల్ బ్లాకు చేయవచ్చు. అందులో క్యాన్సర్ కణాలు తగినన్ని ఉంటే రంగు పరీక్షలకే కాదు, జన్యు పరీక్షలకూ పనికొస్తుంది. నీరు ఎంత ఎక్కువ పంపితే అంత మంచిది. ఒక్కసారి పరీక్షలో కణాలు కనిపించలేదంటే క్యాన్సర్ నీరు కాదని కాదు, మొదటిసారి పట్టుబడేది నూటికి అరవై మంది దాకానే. నీటిలో క్యాన్సర్ కణాలు తేలితే జబ్బు దశ మారుతుంది, ఆపరేషన్ ఆలోచన ఉండదు. అందుకే అది ఏ నీరో స్పష్టంగా తేల్చుకోవడం అవసరం.

టీబీ మందులు వాడిన విషయానికి వస్తే, మీ తప్పేమీ లేదు. ఆ పరిస్థితిలో ఉన్న కుటుంబాలను నేను ఎన్నో చూశాను. దగ్గు, బరువు తగ్గడం, కళ్లెలో రక్తపు చార, ఎక్స్‌రేలో మచ్చ, ఇవన్నీ రెండు జబ్బుల్లోనూ ఉంటాయి. మన దేశంలో టీబీ ఎక్కువ కాబట్టి డాక్టరు ముందు దాన్నే అనుకుంటారు. నా అభ్యంతరం ఒక్కటే. కళ్లె పరీక్షలో, టీబీ క్రిమి జన్యు పదార్థాన్ని పట్టే సీబీనాట్ పరీక్షలో ఎక్కడా క్రిమి దొరకనప్పుడు, వయసు నలభై దాటిన మనిషికి మందులు మొదలుపెట్టి నెలల తరబడి ‘తగ్గుతుందిలే’ అని చూడకూడదు. నాలుగు నుంచి ఆరు వారాల్లో ఎక్స్‌రే మెరుగుపడకపోతే సీటీ, ముక్క పరీక్ష అడగాలి. ఇంకో చిక్కు ఏమిటంటే రెండు జబ్బులూ ఒకేసారి ఉండవచ్చు. టీబీ క్రిమి దొరికినంత మాత్రాన గడ్డ క్యాన్సర్ కాదని తేల్చేయకూడదు. ఒంట్లో చురుగ్గా ఉన్న కణాలు వెలుగుతూ కనిపించే పెట్ స్కాన్ కూడా ఇక్కడ మోసం చేస్తుంది. టీబీ పట్టిన లింఫ్ గ్రంథులు కూడా క్యాన్సర్ లాగే వెలుగుతాయి. అందుకే ‘గ్రంథులకు పాకింది’ అని పెట్ చెప్పినప్పుడు, ఆపరేషన్ అవకాశం దానిమీదే ఆధారపడి ఉంటే, ఈబస్ పద్ధతిలో శ్వాసనాళం లోపలి నుంచి ఆ గ్రంథిలోకి సూది గుచ్చి తేల్చుకోవాలి.

పొగ గురించి ఒక మాట. అలవాటు లేదని మీరు రాశారు, నేను నమ్ముతున్నాను. కానీ ఇది చదివే మిగతావారి కోసం చెబుతున్నాను. ‘సిగరెట్ ముట్టరు’ అని రాసి ఉన్న కాగితాల వెనక ముప్పై ఏళ్ల బీడీలు, చుట్టలు బయటపడ్డ సందర్భాలు చాలా ఉన్నాయి. అవీ పొగే. స్మాల్ సెల్, స్క్వామస్ రెండూ పొగతో గట్టిగా ముడిపడినవి. బొత్తిగా పొగ తాగని మనిషికి స్మాల్ సెల్ అని రిపోర్టు వస్తే నేను ఆ స్లైడును మరోసారి చూడమంటాను.

అలా చూడమనడానికి కారణం ఉంది. స్మాల్ సెల్ కణాలు మెత్తనివి, పట్టకారతో తీసేటప్పుడు నలిగి నీలపు చారల్లా పరుచుకుంటాయి. కార్సినాయిడ్ అనే నెమ్మదైన గడ్డ కణాలు కూడా నలిగితే అచ్చం అలాగే కనిపిస్తాయి. సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్ రంగులు రెండింటిలోనూ పాజిటివ్ వస్తాయి. తేడా చెప్పేది కేఐ-67, అంటే విభజన వేగం. స్మాల్ సెల్‌లో అది చాలా ఎక్కువ, సగానికి పైగా కణాల్లో ఉంటుంది. సాధారణ కార్సినాయిడ్‌లో చాలా తక్కువ. స్మాల్ సెల్ అని కీమోకు సిద్ధం చేసిన ఒక రోగి స్లైడ్లు రెండో అభిప్రాయానికి మా దగ్గరకు వచ్చాయి. కేఐ-67 వేస్తే అక్కడక్కడా ఒకటి రెండు కణాలే వెలిగాయి. అది కార్సినాయిడ్. ఆపరేషన్‌తో గడ్డ మొత్తం తీసేశారు.

నిజంగా స్మాల్ సెల్ అయితే మాత్రం నేను పైన చెప్పిన ‘ఆగండి’ అన్న సలహా వర్తించదు. అది చాలా వేగంగా పెరుగుతుంది, మొదట్లో కీమోకు బాగా కరుగుతుంది. అక్కడ జన్యు పరీక్షల కోసం ఎదురుచూడరు. రిపోర్టు వచ్చిన కొద్ది రోజుల్లోనే చికిత్స మొదలు కావాలి. మీ బంధువులు చెబుతున్న తొందర ఆ జబ్బుకు సరైనది, మీ అమ్మగారి జబ్బుకు కాదు.

ముక్క తీస్తే పాకుతుందన్న భయం ఇంటింటా ఉంది. సూది వెళ్లిన దారిలో క్యాన్సర్ కణాలు పడటం అసాధ్యం కాదు గానీ చాలా అరుదు, వెయ్యి మందిలో ఏ కొద్దిమందికో. ‘సూది పొడిచాకే ముదిరింది’ అని జనం అనడానికి కారణం, మనవాళ్లు ముక్క పరీక్షకు ఒప్పుకునేసరికే జబ్బు ముదిరి ఉండటం. సూది పరీక్షలో నిజంగా పట్టించుకోవాల్సిన ఇబ్బంది ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం. సుమారు అయిదుగురిలో ఒకరికి ఎంతో కొంత చేరుతుంది. చాలామందికి దానంతట అదే తగ్గుతుంది, కొద్దిమందికి గొట్టం వేయాల్సి వస్తుంది. తర్వాత కొన్ని గంటలు పరిశీలనలో ఉంచేది అందుకే.

ముక్క చాలకపోతే రక్తంతో చేసే లిక్విడ్ బయాప్సీ ఒక దారి. అందులో మార్పు దొరికితే నమ్మవచ్చు. దొరకకపోతే మాత్రం ‘లేదు’ అని అర్థం కాదు, మళ్లీ ముక్కకే వెళ్లాలి.

రేపు మీరు చేయాల్సిన పని ఇది. ల్యాబుకు వెళ్లి బ్లాకులో ఇంకా కణజాలం ఎంత మిగిలిందో, అందులో క్యాన్సర్ కణాలు ఎంత శాతమో అడగండి. చాలా జన్యువులను ఒకేసారి చదివే ఎన్‌జీఎస్ పద్ధతికి సాధారణంగా కనీసం 20 శాతం ఉండాలని కోరతారు. ఏ జన్యువులకు పంపారో జాబితా తీసుకోండి. ఇజీఎఫ్ఆర్ ఒక్కటే పంపి ఉంటే ఏఎల్‌కే, రాస్-1 కూడా కావాలని చెప్పండి. ఏఎల్‌కేకు రంగు పరీక్ష చాలు, ఖర్చు తక్కువ, ఒకటి రెండు రోజుల్లో వస్తుంది. మెదడుకు ఎంఆర్ఐ ఇంకా తీయకపోతే ఈ రెండు వారాల్లోనే తీయించండి, ఎదురుచూసే కాలం వృథా కాదు. ఇంకో ఆసుపత్రిలో అభిప్రాయం తీసుకోవాలనుకుంటే రిపోర్టు కాగితంతో పాటు బ్లాకు, స్లైడ్లు అడిగి సంతకం పెట్టి తీసుకోండి. అవి రోగి చికిత్సకు కావాల్సినవి, అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే, విశాఖలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట్ల కూడా మొదట అడిగేది ఆ బ్లాకే. ఎండ పడే చోట, వేడి తగిలే చోట పెట్టకండి, మైనం కరుగుతుంది. ఈలోగా ఆయాసం పెరిగినా, ముఖం ఉబ్బినా, తలనొప్పితో వాంతులు అయినా, కాళ్లలో బలం తగ్గినా ఫలితం కోసం చూడకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.